గొయ్యి లేని రోడ్డు

డెబ్బైల్లో మా భిలాయి సైకిల్ రేసు టీములో అందరికన్నా సీనియర్ ఒకాయన ఉండేవాడు, మాకు పెద్దన్నలాంటివాడు. రేసుకి ముందు ఒక్కొక్కడి టైరూ బొటనవేలితో నొక్కి, "గాలి సూసుకున్నావేటిరా?" అనేవాడు.

రాష్ట్ర జట్టు సెలక్షన్ రోజున సుపేలా బజారు దాటాక, తొందరపడి ఆయనకి అడ్డంగా దూసుకుపోయాను. నా వెనక చక్రం తగిలి పడిపోయాడు. భుజం ఎముక విరిగింది. నేను ఆగలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో కోచ్ అడిగాడు, "ఎలా పడ్డావయ్యా?"

ఆయన నాకేసి చూడకుండా, "గొయ్యి సూళ్లేదు సార్," అన్నాడు.

అక్కడ గొయ్యి లేదు.

ఆయనకి రావలసిన చోటు నాకొచ్చింది. చేతికి కట్టుతోనే నన్ను సాగనంపడానికి దుర్గ్ స్టేషనుకొచ్చి, "బాగా తొక్కు తమ్ముడూ," అన్నాడు. ఆ రోజు రైలు చాలాసేపు ఆగింది. నిజం ఒప్పుకోడానికి బోలెడు సమయం దొరికింది. నేను ఎండల గురించి మాట్లాడాను.