తడవని రుమాలు

మా పక్కింటి నర్సు పిన్నిగారు పోయారు. బుధవారం మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతూ ఉండగా మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోసి వరండాలో కుర్చీలో కూర్చున్నారట. పాలామె వచ్చి పిలిస్తే పలకలేదట. "సరే, క్లాసులో ఉన్నాను, పెట్టెయ్యండి" అన్నాను. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేశాను. జవాబు కింద గీత కొట్టాను. ఇంటి దగ్గర చేసుకు రమ్మని ఇంకో లెక్క కూడా ఇచ్చాను. అప్పుడు వెళ్ళి హెడ్మాస్టరు గారికి చెప్పి బయల్దేరాను. ఆ లెక్క ఎందుకు పూర్తిచేశానో నాకే తెలియలేదు. మధ్యాహ్నానికి గాని తెలియలేదు.

ఆవిడకీ నాకూ చుట్టరికం లేదు. వీధి వీధంతా ఆవిడని పిన్నిగారు అనేవారు, నేనూ అన్నాను. రాజోలు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా వీధిలో సగం మందికి మొదటి సూది ఆవిడ చేతి మీదుగానే పడింది. మా ఇద్దరి మధ్య ఉన్న చుట్టరికమల్లా సినిమాయే. మా ఆయనకి సినిమా అంటే క్రికెట్టు లేని రోజున టీవీలో వచ్చేది. నాకేమో హాల్లో చూడకపోతే చూసినట్టుండదు. ఈ వీధికి కాపురం వచ్చిన కొత్తలో గోడ మీంచి ఆవిడే అడిగారు. "అమ్మాయ్, ఆదివారం మాట్నీకి వస్తావా? ఒక్కదాన్నీ వెళ్తే పక్కనోళ్ళు మాట్లాడించేస్తున్నారు, ఏడవనివ్వట్లేదు."

అవును, ఆవిడ సినిమాకి వెళ్ళేది ఏడవడానికే. దాచుకునేవారు కూడా కాదు. "ఆసుపత్రిలో ఏడిస్తే డాక్టరుగారు తిడతారు. ఇంట్లో ఏడిస్తే పరువు పోతుంది. ఇక్కడ టిక్కెట్టు కొనుక్కుని మరీ ఏడుస్తున్నాను, ఎవడేమంటాడు?" అనేవారు. ఇంటర్వెల్‌లో ఏమీ తినేవారు కాదు. కడుపు నిండితే ఏడుపు రాదట. నేను సమోసా తింటూ ఉంటే జాలిగా చూసేవారు.

ఆదివారం పొద్దున్న చర్చి, మధ్యాహ్నం సినిమా. ఆరాధనకి కట్టుకున్న తెల్లచీరతోనే ఆటో ఎక్కేవారు. "పొద్దున్న దేవుడిది, మధ్యాహ్నం నాది" అని లెక్క. ఒకసారి వాళ్ళ పాస్టరుగారు చర్చి గుమ్మంలోనే ఆపి, "అమ్మా, బైబిలు పట్టుకున్న చేత్తోనే సినిమా టిక్కెట్టూ కొంటారా?" అని అడిగారట. "ఆయ్, ఆ చేత్తోనే తమకి ఇంజెక్షనూ చేసేనండి" అన్నారట ఈవిడ. ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ సంచిలో మగవాళ్ళు పెట్టుకునే పెద్ద తెల్ల రుమాలు ఉండేది, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. ఆడవాళ్ళ రుమాళ్ళు ముక్కుకే చాలవు, కళ్ళకేం చాలతాయి అనేవారు. ఆ రుమాలే మా వీధికి సినిమా రివ్యూ. మేం ఆటో దిగేసరికి ఎవరో ఒకరు గుమ్మంలోంచి కేకేసేవారు, "పిన్నిగారూ, రుమాలు తడిసిందాండీ?" అని. తడిసిందంటే మర్నాడు వీధంతా ఆ సినిమాకి బయల్దేరేది. తడవలేదంటే ఎంత పెద్ద హీరోదైనా దండగే.

ఇంకో పట్టింపు ఉండేది. హాలు బయటకి వచ్చాక కాలవ వంతెన దాటేదాకా సినిమా గురించి ఎవరూ నోరెత్తకూడదు. మేం ఎప్పుడూ ఒకే ఆటోలో వచ్చేవాళ్ళం. ఆ ఆటో ఆయన కూడా పాటలు కట్టేసి, వంతెన దిగగానే బండి నెమ్మది చేసేవారు. ఎందుకండీ ఈ మౌనవ్రతం అని నేను మొదట్లో విసుక్కున్నాను. "సూది వేసేక కాసేపు కూర్చోబెడతాం కదా, అలాగే. మందు ఒంట్లోకి ఎక్కనీ" అన్నారు. వంతెన దిగాక మొదటి మాట ఆవిడది. రెండో మాట నాది, అది ఎప్పుడూ ఎదురు మాటే. లెక్కల టీచర్ని కదా, నాకు ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట తప్పు కనబడుతుంది. ఇంటికి చేరేదాకా వాదించుకునేవాళ్ళం. ఇంటికి చేరాక గోడకి అటూ ఇటూ నిలబడి వాదించుకునేవాళ్ళం. ఈ జిల్లాలో నాతో అంత ఓపిగ్గా దెబ్బలాడిన మనిషి ఇంకొకరు లేరు.

మేం కలిసి చూసిన ఆఖరి సినిమా సంగతి చెప్పాలి. పడవలు కట్టే ఇంటి పెద్ద, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు. తండ్రి పట్టుదలకి కొడుకులు ఒక్కొక్కరే రాలిపోతారు. కథ అంతే. తీసినవాడు మాత్రం మామూలుగా తీయలేదు. ఆ ఇంటికి గోడలుండవు, గుమ్మాలే ఉంటాయి. గోడల్లేని ఇంట్లో అందరూ గుమ్మాల్లోంచి తల వంచుకునే వెళతారు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడేటప్పుడు మొహాలు చూసుకోరు, మనవైపు తిరిగి మాట్లాడతారు. ఒక కొడుకు పోయినప్పుడల్లా తెర మీద ఒక రంగు మాయమవుతుంది. ఆఖరికి బూడిదరంగు మిగులుతుంది.

దాని మీద మా స్టాఫ్ రూము రెండుగా చీలిపోయింది. నిద్రపట్టని వాళ్ళకి మందుల చీటీలో రాసివ్వాలన్నారు సైన్సు మాస్టారు. ప్రతి సీనూ ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చన్నారు డ్రాయింగు మాస్టారు. గోడలే లేవు కదండీ, ఎక్కడ తగిలిస్తారు అన్నాను నేను. ఫోను తెరిస్తే సగం మంది కళాఖండం అంటున్నారు, సగం మంది టిక్కెట్టు డబ్బులు తిరిగి ఇమ్మంటున్నారు. సరే, ఈ గొడవేమిటో చూద్దామని పిన్నిగారూ నేనూ వెళ్ళాం.

ఆఖరి కొడుకు శవాన్ని తెచ్చి వీధరుగు మీద పడుకోబెడతారు. తల్లి ఒక్కసారి చూస్తుంది. చూసి, పెరట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతుంది. సంగీతం లేదు, మాట లేదు. గిన్నె మీద పీచు రాస్తున్న చప్పుడొక్కటే. తోముతూనే ఉంటుంది. మేం కూర్చున్న బాల్కనీ కిందనుంచి ఎవడో, "అమ్మా, అడుగు ఊడిపోద్దమ్మా!" అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూ పక్కకి తిరిగితే పిన్నిగారు నిటారుగా కూర్చుని ఉన్నారు. రుమాలు ఒళ్ళో ఉంది. మడత కూడా విప్పలేదు.

వంతెన దిగగానే ఆటో ఆయన బండి నెమ్మది చేసి, "రుమాలు తడిసిందాండీ?" అని అడిగారు.

"లేదు నాయనా."

"ఆయ్, అయితే మా ఆవిడ్ని తీసుకెళ్ళక్కర్లేదండి."

"తీసుకెళ్ళు. తప్పకుండా తీసుకెళ్ళు."

ఆయన అయోమయంగా అద్దంలోకి చూశారు. నేనైతే వెంటనే అందుకున్నాను. "ఏంటండీ పిన్నిగారూ, కొడుకు శవం అరుగు మీదుంటే గిన్నెలు తోముకునే తల్లి ఎక్కడైనా ఉంటుందాండీ? లెక్కే తప్పండి అక్కడ."

"నీకు లెక్కలు బాగా వచ్చులే అమ్మాయ్. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దాం. రెండోసారి చూసేక తిట్టు. అప్పుడు నీకో మాట చెప్తాను."

"ఇప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"మందు ఎక్కనీవే."

నాకు ఆగుతుందా! సోమవారం సాయంత్రం గోడ దగ్గర మళ్ళీ మొదలెట్టాను. "ఆ డైరెక్టరు తల్లుల్ని చూసినట్టు లేడండీ" అన్నాను. ఆవిడ మందారాలు కోస్తూ, "చూసే ఉంటాడు. ఎవరూ చూడనప్పుడు చూసుంటాడు" అన్నారు. అంతకంటే ఒక్క మాట రాల్చలేదు. మంగళవారం నాకు పేపర్లు దిద్దే పని ఉండి గోడ దగ్గరికి పోలేదు. బుధవారం సంగతి మీకు తెలుసు.

నేను వెళ్ళేసరికి ఇంటినిండా జనం. విశాఖపట్నం నుంచి వాళ్ళమ్మాయి మధ్యాహ్నానికి వచ్చింది, ఆ పిల్లా నర్సే. పిన్నిగారిని తెల్లచీరలో పడుకోబెట్టారు. సంఘం ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. పాలామె ఏడుస్తోంది, ఎదురింటి ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆఖరికి మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒక్క చుక్క రాలేదు. అక్కడ నిలబడలేక పెరట్లోకి వెళ్ళాను. టీ తాగిన స్టీలు గ్లాసులు కుళాయి దగ్గర కుప్పగా పడి ఉన్నాయి. కూర్చుని తోమడం మొదలెట్టాను.

ఎంతసేపు తోమానో తెలియదు. వాళ్ళమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, వదిలెయ్యండి, పనామె వస్తుంది" అంది.

"అయిపోవచ్చిందమ్మా."

"ఇవన్నీ ఇందాకే కడిగేరక్కా. మళ్ళీ కడుగుతున్నారు."

చూస్తే నిజమే. తళతళా మెరుస్తున్న గ్లాసుకే పీచు రాస్తున్నాను. ఆ పిల్ల బట్టలుతికే రాయి మీద కూర్చుంది. "అమ్మ కూడా ఇంతేనండి" అంది. "తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చి వరండాలో పడుకోబెట్టేక అమ్మ ఇక్కడికొచ్చి కూర్చుందండి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ బయటేసుకుని తోమింది. తోమినవే తోమింది. మా మేనత్తలు రాతిగుండె అన్నారు. ఆ మాట అమ్మకి వినపడిందక్కా. ఆ తరవాత ఎప్పుడూ ఆ రోజు సంగతి ఎత్తలేదు."

ఆ అబ్బాయి ఫొటో ముందు గదిలో ఉంటుంది, స్కూలు చొక్కాలో. మేం ఈ వీధికి రాకముందే జ్వరం వచ్చి పోయాడని తెలుసు. అంతవరకే తెలుసు.

నాకు చెప్పదలచుకున్న మాట అదన్నమాట. ఆదివారం దాకా దాచుకున్నారు. రాతిగుండె అన్నవాళ్ళకి ఇన్నేళ్ళుగా చెప్పని జవాబు తెర మీద ఎవరో తీసి చూపిస్తే, హాలంతా నవ్వుతూ ఉంటే, ఒక్కరూ కూర్చుని చూసుకున్నారు. ఆ తల్లికి రాని కన్నీళ్ళు ఈవిడకి మాత్రం ఎలా వస్తాయి? మిగతా ఆదివారాలన్నిటా తడిపిన రుమాళ్ళు ఎవరి కోసమో నాకు అప్పుడు తెలిసింది. ఓడిపోయాను పిన్నిగారూ, మీదే రైటు అని చెబుదామంటే గోడ అవతల ఎవరూ లేరు. గెలిచిన మనిషి లేకుండా ఓడిపోవడం ఎంత అన్యాయమో చెప్పలేను.

శనివారం చర్చిలో పెట్టిన జ్ఞాపకార్థ కూటంలో చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. అర్ధరాత్రి తలుపు కొట్టినా విసుక్కోలేదన్నారు, పురుళ్ళు పోశారన్నారు. పాస్టరుగారు ఆవిడ చెయ్యి ఎంత తేలికో చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. లేచి, "పిన్నిగారు సినిమా బాగా చూసేవారండి" అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను. పాస్టరుగారు నవ్వి తల ఊపారు. వెళ్ళేముందు వాళ్ళమ్మాయి పిన్నిగారి చేతిసంచి తెరిచి రుమాలు తీసి ఇచ్చింది. ఆ సినిమాకి తెచ్చుకున్నదే. మడత మడతలాగే ఉంది.

మర్నాడు ఆదివారం. "నేనొస్తాను పద, ఒక్కదానివీ ఏం వెళ్తావ్" అన్నారు మా ఆయన. ఆ మంచితనానికి దండం పెట్టి, వద్దన్నాను. రాజోలు వెళితే ఆ సినిమా లేదు, శుక్రవారమే తీసేశారు. హాలు ముందు హీరో నిలువెత్తు ఫ్లెక్సీ, దానికి పూలదండ. కామెడీ అట. అంతదూరం వెళ్ళాను కదా అని టిక్కెట్టు కొన్నాను. ఇంటర్వెల్‌లో ఏమీ తినలేదు. తెర మీద ఎవడో అరటితొక్క మీద కాలేసి జారిపడ్డాడు. హాలంతా పగలబడి నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆగలేదు. పక్కనున్న ఆవిడ కంగారుగా చూసి తన బిడ్డని అటువైపు కూర్చోబెట్టుకుంది. చూస్తే చూడనీ అనుకున్నాను. టిక్కెట్టు కొనుక్కుని ఏడుస్తున్నాను, ఎవరేమంటారు?

ఆటో ఎక్కాను. ఎప్పటి ఆయనే, పాటలు కట్టేశారు. పిన్నిగారు ఎప్పుడూ కూర్చునే ఎడమవైపు ఖాళీగా వదిలేసి కూర్చున్నాను. వంతెన ఎక్కాం, దిగాం. ఆయన అలవాటుగా బండి నెమ్మది చేశారు. మొదటి మాట చెప్పే మనిషి లేరు. చాలాదూరం అలాగే నెమ్మదిగా పోనిచ్చి, ఆఖరికి అద్దంలోకి చూడకుండా అడిగారు.

"తడిసిందాండీ?"

"తడిసింది అన్నయ్యా."

"కామెడీ అన్నారు కదండీ?"

"ఇది ఈ సినిమాది కాదు. ముందు దానిది."

"ఆయ్" అన్నారు. గేరు మార్చి, "మా ఆవిడ్ని తీసుకెళ్దామనుకునేలోపు తీసేసేరండి" అన్నారు.

రుమాలు పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. ఆటో పక్క కమ్మీకి ముడేశాను. మా వీధి మలుపు దాకా అది గాలికి కొట్టుకుంటూనే ఉంది. వీధిలో ఎవరూ గుమ్మంలోకి వచ్చి అడగలేదు.