పేరుకు బదులు గీత

నా పరిశోధనకు నాలుగేళ్ళు పట్టింది. అందులో మూడేళ్ళు పులికాట్ సరస్సు మీద, మిగిలిన ఏడాది కామాల మీద గడిచింది. అవతలి ఒడ్డున శ్రీహరికోటలో రాకెట్లు చెప్పిన వేళకు లేచి చెప్పిన చోటికి చేరుకుంటున్నాయి. ఇవతల నేను రచయిత పేరు తర్వాత చుక్క పెట్టాలో కామా పెట్టాలో తేల్చుకోలేక కూర్చున్నాను.

నేను రాసింది మావాళ్ళ వంతుల గురించి. సరస్సులో ఎవరి వల ఏ రోజు ఎక్కడ పడాలో మా ఊళ్ళో చీట్లు వేసి పంచుకుంటారు. ఆ కట్టుబాటు ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేదు, ముసలివాళ్ళ నోట్లో ఉంది. వాళ్ళను మాట్లాడించి ఫోన్లో రికార్డు చేశాను. పుస్తకాలు రాసినవాళ్ళ పేర్ల పక్కనే వీళ్ళ పేర్లు కూడా ఆధారాల జాబితాలో ఉండాలని నా పంతం. ఒడ్డున కూర్చుని రాసిన ప్రొఫెసరుకు దక్కే వరుస, నడుంలోతు నీళ్ళలో వల వేసిన మనిషికి ఎందుకు దక్కకూడదని ఆ రోజుల్లో తెగ ఆవేశపడేదాన్ని.

నాకు అందరికంటే ఎక్కువ చెప్పినవాడు మా పెదనాయన, నాన్నకు సొంత అన్న. అయితే నోరు విప్పేముందు ఒక్క షరతు పెట్టాడు.

"నా మాట నా పేరు మీదనే ఉండాల పాపా. ఆ పడమటింటోడి మాటతో కలిపినావంటే నేనొప్పుకోను."

పడమటింటాయన మా పెదనాయనకు చిన్నాయన కొడుకు. తండ్రుల నాటి ఒక వంతు దగ్గర తగాదా వచ్చి ఇద్దరికీ మాటలు లేక ఏళ్ళయింది. ఆ వంతు మా నాయనదని ఈయనంటాడు, కాదు మా నాయనదని ఆయనంటాడు. నా పరిశోధనకు ఇద్దరి మాటలూ కావాలి. కలపనని పెదనాయనకు మాటిచ్చాను. అదేమంత కష్టమనుకున్నాను.

మా ఇళ్ళల్లో మొదటి మగపిల్లాడికి తాత పేరు పెడతారు. అలా వీళ్ళ తండ్రులు, అన్నదమ్ములిద్దరూ, తమ పెద్దకొడుకులకు తమ తండ్రి పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరు ఎటూ ఒకటే. ఊళ్ళో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఒకరు తూర్పింటాయన, ఇంకొకరు పడమటింటాయన. ఉత్తరాలు తెచ్చే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు. తెలియనిదల్లా నా సాఫ్ట్‌వేర్‌కే.

అందులో ఆధారాల వివరాలన్నీ, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనేవి, ఒక ఫైల్లో నింపాలి. దానికి విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగిన స్టైల్ ఫైలు తగిలిస్తే జాబితాను అదే పేర్చుకుంటుంది. హాస్టల్లో ఒక అక్క ఆ ఫైలు పంపిస్తూ, "ఇంక నువ్వేం చూసుకోబల్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది" అంది. నిజంగానే చూసుకుంది. మొదటి ప్రింటు తీస్తే ఒక వరుసలో మా వాళ్ళ పేరు, ఏడాది పక్కన 'ఎ' ఉన్నాయి. కింది వరుసలో పేరు ఉండాల్సిన చోట ఒక పొడుగాటి గీత, ఏడాది పక్కన 'బి'. ఒకే మనిషి రెండోసారి వస్తే పేరుకు బదులు గీత గీయడం ఆ స్టైల్ పద్ధతట. ఊరి పెద్దలు ఎన్ని పంచాయతీలు పెట్టినా కుదరని రాజీని ఒక్క గీతతో కుదిర్చి పెట్టింది.

ఆ గీతను తీయించే ఆజ్ఞ కోసం వారం రోజులు వెతికాను. దొరికింది, తీశాను. ఒకే పేరు రెండు వరుసల్లో పడింది. ఆఫీసులో గుమాస్తా గారు అది టైపింగ్ పొరపాటనుకుని, ఒక వరుసను ఎర్ర పెన్నుతో శ్రద్ధగా కొట్టేసి పంపారు. పేర్ల పక్కన తూర్పు, పడమర అని చేర్చాను. సాఫ్ట్‌వేర్ ఆ దిక్కుల్నే ఇంటిపేర్లనుకుని ఇద్దర్నీ జాబితాలో చెరో మూలకు విసిరింది. గైడ్ సారు చూసి నవ్వారు.

"మనుషులకు దిక్కులు తగిలించే స్టైల్ ఎక్కడా లేదమ్మా. అసలు నోటిమాట చెప్పినవాళ్ళు జాబితాలోకే రాకూడదు. గీతతో ఉంటే ఉంచు, ఎవరూ పట్టించుకోరు. లేదంటే ఇద్దర్నీ తీసెయ్. సోమవారం ఆఖరు రోజు."

ఆ గదిలోంచి బయటికొచ్చాక ఏడుపొచ్చింది. గీత ఉంచితే ఇచ్చిన మాట పోతుంది, తీసేస్తే మనుషులే పోతారు. సాఫ్ట్‌వేర్ మీద నెట్టేయొచ్చు కానీ, మాటిచ్చింది సాఫ్ట్‌వేర్ కాదు. శనివారం బస్సెక్కి ఊరికి పోయాను.

పెదనాయన వసారాలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన సూది ఆపకుండానే విన్నాడు.

"గీతంటే ఏందని దానర్థం?"

"ఇద్దరూ ఒకే మనిషని, పెదనాయనా."

"తీసేస్తే?"

"ఇద్దరి పేర్లూ ఉండవు."

వల మీద రెండు ముళ్ళు వేశాడు. తర్వాత, "ఉండనీలే. పైన పేరు నాది, కింద గీత వాడిది. అంతే గదా?" అన్నాడు. గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది.

నేను అది ఆలోచించనే లేదు. "ముందు రికార్డు చేసినవాళ్ళు పైన వస్తారు" అన్నాను.

"ముందెవురు చెప్పింది?"

ల్యాప్‌టాప్ తెరిచాను కానీ చూడకముందే గుర్తొచ్చింది. రికార్డులు మొదలుపెట్టిన రోజు బస్సు దిగి వస్తుంటే దారిలో పడమటిల్లే ముందు తగిలింది. వాళ్ళు పిలిచి మజ్జిగ ఇచ్చారు. తాగుతూ అక్కడే ఫోన్ ఆన్ చేశాను.

"పడమటింటాయన."

సూది ఆగింది. "ముందు వాళ్ళింటికి పోయినావా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏడాదిపాటు కామాలు సరిచూసుకున్నదాన్ని, ఏ గడప ముందు తొక్కానో చూసుకోలేదు.

"తేదీ మార్చేస్తా పెదనాయనా. నువ్వే పైకొస్తావు." నాలుగేళ్ళు పరిశోధన చేసినదాన్ని, ఆ మాట అలా అనేశాను.

"మార్చబాక." వల మీదికి వంగి మళ్ళీ సూది అందుకున్నాడు. "వాడు నాకంటే నాలుగు నెల్లు పెద్ద. అన్న ముందు, తమ్ముడు యెనక. గీత నాకే ఉండనీ."

ఆ మనిషిని ఆయన అన్న అనడం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. ల్యాప్‌టాప్ మూసేశాను.

"వంతు మాత్రం మా నాయనదే" అన్నాడు తల ఎత్తకుండా. "అది సరిగ్గా రాసినావు గదా?"