తీసేసిన ఏడు గెలాక్సీలు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో, నా థీసిస్ సమర్పించడానికి పది రోజులుందనగా, అమ్మను చూడ్డానికి ఇంటికొచ్చాను. ఆమదాలవలసలో రైలు దిగి రెండు బస్సులు మారితే సముద్రపుటొడ్డున మా ఊరు. అమ్మది ఎండుచేపల వ్యాపారం, నాది గెలాక్సీల మీద పరిశోధన. ఎవరైనా అడిగితే "సుక్కల సదువు" అని అమ్మ తేల్చేసేది.

ఆ చదువేమిటో టూకీగా చెప్తాను. గెలాక్సీలో వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్, ఉంటేనే నక్షత్రాలు పుడతాయి. అవి తమ కడుపులో ఆక్సిజన్, ఇనుము లాంటివి తయారుచేసి, చచ్చిపోతూ మళ్ళీ ఆ వాయువులోకే వెదజల్లుతాయి. నక్షత్రాలు పుట్టి చచ్చేకొద్దీ వాయువులో ఆక్సిజన్ పెరగాలి. నా గ్రాఫులో ముచ్చటగా అలాగే పెరిగింది. ఏడు గెలాక్సీలు మాత్రం మాట వినలేదు. నక్షత్రాలు బోలెడు, ఆక్సిజన్ అంతంతమాత్రం. నాకు అసలే ఓపిక తక్కువ. కొలతల్లో పొరపాటని తీర్మానించి ఏడింటినీ తీసిపారేశాను.

ఆ మధ్యాహ్నం అమ్మ బజారుకెళ్తూ, పెరట్లో చేపలు ఊరేసే తొట్టిలో ఉప్పునీళ్ళు కలిపి ఉంచానని, చేపలు వేసేముందు ఓసారి రుచి చూడమని చెప్పింది. మా ఇళ్ళల్లో అది రివాజు. ఇంతలో పెద్ద వాన కురిసి వెలిసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే నీళ్ళు చప్పగా ఉన్నాయి. అమ్మకు వయసు మీద పడి ఉప్పు అంచనా తప్పుతోందని జాలిపడి, తొట్టి మొత్తం ఒంచేశాను.

అమ్మ వచ్చి చూసి నెత్తిన చేయి పెట్టుకుంది.

"ఉప్పు ఎంతెయ్యాలో అంతే ఏసినాను. పైనించి వోన పడ్డాది. తొట్టి అంచుదాకా నిండిపోయున్నాది, సూడ్నేదేటే? రుచొక్కటే సూసి పారబోసీసినావా?"

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. తిట్టినందుకు కాదు. ఆ ఏడింటిలోనూ నేను ఆక్సిజన్ ఒక్కటే చూశాను, వాయువు ఎంతుందో చూడలేదు. బయటినుంచి కొత్త వాయువు వచ్చి పడితే ఉన్న ఆక్సిజన్ పలచబడుతుందని చదివాను, పరీక్షల్లో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. సొంత పనిలో ఆ ఊహే రాలేదు. లాప్‌టాప్ తెరిచి చూస్తే ఏడింటిలోనూ హైడ్రోజన్ మామూలు కంటే ఎక్కువ. వాటిని గ్రాఫులో తిరిగి పెట్టేసరికి, నా థీసిస్ మొత్తం ఆధారపడ్డ గీత చెదిరిపోయింది. మూడేళ్ళ పని.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. మా గైడు కోపం ఎలాంటిదో తెలిసి కూడా ఆయనకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

తిట్లు తినడానికి సిద్ధపడ్డాను.

"ఇలాంటివే నేనూ తీసేశానమ్మా, నా థీసిస్‌లో," అన్నారాయన. "దాన్ని చూపించే నీకు పని నేర్పాను."