నాకంటే ముందు ఆ మంచం ఎక్కిన బీరమ్మ పెద్దమ్మ

నిన్న పొద్దున రొట్టెలు చేస్తుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద బీరమ్మ పెద్దమ్మ పేరు.

"చెప్పు పెద్దమ్మా" అన్నాను.

మాట్లాడింది ఆమె కాదు, ఆమె కూతురు సుజాత అక్క. "అమ్మ లేదే ఇగ" అంది.

పెనం మీద రొట్టె మాడిపోయింది. వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

వికారాబాద్‌లో అక్క ఇంట్లోనే ఉందట. తెల్లవారి ఛాతీలో నొప్పి అన్నదట. ఆటో వచ్చేలోపే ప్రాణం పోయిందట.

నేను ఇక్కడ ఎప్పుడూ ఏమీ రాయలేదు. అందరి పోస్టులూ చదివి ఊరుకుంటాను. కానీ ఈమె ఎవరో మా వాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాలి.

ఆమె మాకు చుట్టం కాదు. బంట్వారం దగ్గర పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. కరోనా రెండోసారి వచ్చినప్పుడు తాండూరులో ఒక దవాఖానలో ఇద్దరం పక్కపక్క మంచాల మీద ఉన్నాం. అదీ పరిచయం.

అప్పటికి మా పాప ఇంకా పాలు తాగుతోంది. దాన్ని మా అత్తమ్మకు అప్పగించి వచ్చాను. వార్డులో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

"ఓ పొల్లా, నోరు ఇంటికాడ పెట్టొచ్చినవా?" అంది పెద్దమ్మ మొదటి రోజే.

నేను నవ్వాను. ఇక వదల్లేదు. ఆమె గొర్రెల పేర్లన్నీ నాకు నేర్పింది. వార్డులో ఎవరు ఏ గొర్రెలా ఉన్నారో కూడా చెప్పేది. గట్టిగా దగ్గే ఒకాయనకు ఆమె పొట్టేలు పేరు పెట్టింది.

ఆ వార్డులో సిస్టర్ల టేబుల్ పక్కన ఒక మంచం ఉండేది. దాని పక్కనే ఆక్సిజన్. నేను చూస్తుండగా ఇద్దరిని ఆ మంచం మీదికి మార్చారు. ఒకరిని హైదరాబాద్ తీసుకుపోయారు, తర్వాత కబురు లేదు. ఇంకొకరు అక్కడే పోయారు.

దాంతో వార్డంతా ఒకటే మాట. "ఆ మంచం ఎక్కితే దిగుడు లేదు."

ఒకరోజు డాక్టర్ మేడం నా రిపోర్టులు పట్టుకుని వచ్చింది. నన్ను ఆ మంచం మీదికి మారమంది.

"నాకు మంచిగనే ఉంది మేడం. నడుస్తున్న, తింటున్న" అన్నాను.

"ఇప్పుడు మంచిగనే ఉన్నవమ్మా. కానీ నీ రక్తం రిపోర్టు, ఛాతీ స్కాన్ చూస్తే ఒకటి రెండు రోజుల్లో ఊపిరి కష్టమయ్యేటట్టు ఉంది. కాకపోవచ్చు కూడా. అయితే మాత్రం నువ్వు మా కళ్ల ముందు ఉండాలె" అంది.

ఆమె అంత వివరంగా చెప్పినా నా చెవికి ఒక్కటే వినపడింది, నేను చచ్చిపోతానని. నా మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. సిస్టర్ బతిమాలింది, కోప్పడింది. నేను కదల్లేదు. ఫోన్‌లో మా ఆయన కూడా "బాగున్నప్పుడు ఎందుకు మారుడు" అన్నాడు.

పెద్దమ్మ అంతా చూసింది. లేచి, చెప్పులు వేసుకుని, నడుచుకుంటూ పోయి ఆ మంచం ఎక్కి పడుకుంది.

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నీది గీ మంచం కాదు!"

"నాకెరుకే బిడ్డా. జరసేపు ఉండనియ్యి. వాగు కాడ మంద గిట్లనే ఆగుతది. ఒక్కటి ముందుగాల దిగితేనే తక్కినయి దిగుతయి."

టీ అక్కడికే తెప్పించుకుంది. తాగి, గురక పెట్టి నిద్రపోయింది. వార్డంతా ఆమెనే చూస్తూ ఉంది. ఎండ తగ్గాక లేచి నావైపు చేయి ఊపింది.

"చూడు, సావలే. మంచం కరుస్తదా? దా ఇగ."

సిస్టర్ దుప్పటి మార్చింది. నేను పోయి పడుకున్నాను.

మర్నాడే నాకు ఊపిరి ఆడలేదు. పిలవడానికి గొంతు కూడా రాలేదు. టేబుల్ దగ్గర కూర్చున్న సిస్టర్ నా ముఖం చూసి వెంటనే మాస్క్ పెట్టింది. మూలనున్న నా పాత మంచం మీదే ఉండి ఉంటే ఎవరు ఎప్పుడు చూసేవారో చెప్పలేను.

కొన్నాళ్లు కష్టమైంది. తర్వాత ఇంటికొచ్చాను. పాప నన్ను గుర్తుపట్టి చేతులు చాపింది.

అప్పటినుంచి పెద్దమ్మ తాండూరు వస్తే మా ఇంటికి రాకుండా పోలేదు. పాపకు జున్నుపాలు తెచ్చేది. ఫోన్ చేస్తే ముందు "ఊపిరి మంచిగాడుతుందా?" అని అడిగాకే మిగతా మాటలు.

పెద్దమ్మను వాళ్ల పల్లెకు తెచ్చారంటే నిన్న మధ్యాహ్నం నేను, మా ఆయన, పాప పోయాం. సుజాత అక్క నన్ను పట్టుకుని ఏడ్చి, తర్వాత ఒక మాట చెప్పింది.

"దవాఖాన నుంచి వచ్చినంక మాకు చెప్పిందే. 'ఆ మంచం మీద నాకు నిద్ర యాడిది, ఉత్తగనే గురక పెట్టిన. నేనూ సస్తననే అనుకున్న. కానీ ఆ పొల్లకు పాలు తాగే బిడ్డ ఉండె. నాకేంది, మీరు పెద్దోళ్లయిండ్రు' అన్నది. నీకు చెప్పొద్దన్నది. చెప్తే ఏడుస్తవట."

ఆ మంచం ఎక్కితే దిగుడు లేదన్న మాట ఆమె నమ్మలేదు కాబట్టే పడుకుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆమె కూడా మా అందరిలాగే నమ్మింది. నమ్మి కూడా ఎక్కింది.

పాపతో పెద్దమ్మ కాళ్లకు మొక్కించాను. ఇప్పుడు అది బడికి పోతోంది.

పోయి రా పెద్దమ్మా. ఉన్న చోట నీకు ఏ భయమూ లేకుండా, నీ మనసు నెమ్మదిగా ఉండాలి.