కొలతలో కదిలిన బంతి

మూడేళ్ల కిందటి ఎండాకాలంలో లాన్ బౌల్స్ జాతీయ జూనియర్ సింగిల్స్ పోటీలు మా తిరుపతిలో జరిగాయి. నేను పుత్తూరు దగ్గర ఒక బడిలో పీఈటీని. మన వైపు ఈ ఆట నియమాలు తెలిసినవాళ్లు తక్కువ, నాకు కాస్త తెలుసు కాబట్టి నన్ను మార్కర్‌గా పిలిచారు.

ఆట చూడటానికి సులువే. జాక్ అనే చిన్న తెల్లబంతిని ముందుగా దొర్లిస్తారు. తర్వాత ఇద్దరూ తలా నాలుగు పెద్ద బంతులు వేస్తారు. ఎవరి బంతి జాక్‌కు దగ్గరగా ఆగితే పాయింటు వాళ్లది. మార్కర్ జాక్ వెనక నిలబడి, అడిగిన దానికే జవాబు చెప్పాలి. తేడా కంటికి ఆనకపోతే టేపుతో కొలవాలి.

ఆ సెమీఫైనల్లో చిత్తూరు అమ్మాయి హేమలత, రాంచీ నుంచి వచ్చిన పూనమ్ తలపడ్డారు. ఇద్దరికీ పదిహేడేళ్లు. హేమ తండ్రి మునిరత్నం ట్రాక్టర్ మెకానిక్. ఆయన కంచె అవతల ఒక్కచోట నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూ, "పాపా, మెల్లిగా ఇడువు!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన్ను చూస్తుంటే నాకూ కుదురు లేకుండా పోయింది.

ఇరవై ఒకటి ముందు చేరినవాళ్లదే గెలుపు. ఇరవై, ఇరవై దగ్గర నిలిచారు. చివరి బంతులు ఆగేసరికి జాక్‌కు కుడివైపు హేమ బంతి, ఎడమవైపు పూనమ్ బంతి. ఏది దగ్గరో ఎవరికీ తేలలేదు. కొలవమన్నారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని టేపు లాగాను. "మేడమ్, మాదే గదా!" అని మునిరత్నం కేకేశాడు. ఉలిక్కిపడ్డాను. నా మణికట్టు హేమ బంతికి తగిలింది. అది జాక్ వైపు వేలెడంత జరిగింది.

పిల్లలిద్దరూ నా వీపు వెనక ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. చూడలేదేమో అనుకున్నాను. అలాగే కొలిస్తే మన వైపు పిల్ల ఫైనల్‌కు పోతుంది. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. లేచి చెయ్యెత్తి అంపైర్‌ను పిలిచాను.

"సార్, నా చెయ్యి తగిలి బంతి కదిలింది."

మార్కర్ వల్ల కదిలితే, ఇద్దరు ఆటగాళ్లూ ఒప్పుకున్న చోట దాన్ని తిరిగి పెట్టాలి. పూనమ్ తాను చూడలేదంది. నేను బంతిని కొంచెం వెనక్కి జరిపి హేమ వైపు చూశాను.

"ఈడ కాదు మేడమ్. ఇంకా ఎనక్కి" అంది హేమ.

ఆమె వేలు చూపిన చోటే పెట్టాను. పూనమ్ తల ఊపింది. ఈసారి అంపైరే కొలిచాడు. పూనమ్ గెలిచింది.

మునిరత్నం గేటు దగ్గర నన్ను నిలదీశాడు. "ఏంది మేడమ్ ఇది? గమ్మున కొలిసేసి ఉంటే మా పాప గెలిసిండేది గదా!"

"అది కదిలింది నాయనా. నేనే సూసినాను" అని హేమ ఆయన్ను పక్కకు పంపేసింది.

ఆమె బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చున్నాను. "నేను పిలవకపోతే నువ్వు చెప్పేదానివా పాపా?"

"ఏమో మేడమ్. మీరు ల్యాసేదాకా నోరు పెగల్లేదు." లేసు ముడి లాగుతూ ఆగింది. "అందుకే భయపడి, ఉండాల్సినదానికంటే ఎక్కువే ఎనక్కి సూపించినానేమో. ఇప్పుడు నాకే తెలీడం లేదు."

నిజం చెప్పి నా బరువు దించుకున్నానని అంతవరకూ లోలోపల గర్వపడుతున్నాను. ఆ బరువునే ఆ పిల్ల నెత్తిన పెట్టానని అప్పుడు అర్థమైంది.

ఇప్పటికీ మార్కర్‌గా వెళుతున్నాను. టేపు తీసే ముందు ఆటగాళ్లిద్దరినీ చెరో పక్కకు పిలిచి, బంతులు ఎక్కడున్నాయో చూసుకోమంటాను. బయటివాళ్లు కేకలేస్తుంటే సద్దుమణిగేదాకా వంగను. ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.