ఆపరేటరమ్మ మంత్రాలు

అత్తగారు ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. ఎదురుగా బోర్డు నిండా రంధ్రాలు, చేతిలో తీగలు. పెళ్లి కుదిరినా, ప్రాణం పోయినా ఆ కబురు ముందు ఆవిడ చెవిన పడేది, నోటి దాకా మాత్రం వచ్చేది కాదు. రిటైరయ్యాక ఆ మౌనమంతటి మీదా కసి తీర్చుకున్నారు. ఇల్లంతా ఆవిడ మాటే.

కోడలు నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పిల్ల పుట్టిన నాలుగో నెలకే మళ్లీ ఉద్యోగంలో చేరగలిగిందంటే అది అత్తగారి చలవే. పిల్ల ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, కోడలికి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. "నువ్వెళ్లమ్మా, నేనున్నాగా" అనేవారు ఆవిడ.

ఆ మాటలే నిరుడు పక్షవాతంతో పోయాయి. నీళ్లు అడగబోతే "గొడుగు" వచ్చేది. ఇంట్లో తూనీగ అని పిలుచుకునే ఆరేళ్ల మనవరాలు మొదట నవ్వింది, తర్వాత భయపడింది. "నానమ్మ లోపల ఇంకెవరో ఉన్నారు" అంటూ ఆ గది గడప తొక్కడం మానేసింది. అది విన్న రోజు నుంచి అత్తగారు అసలు నోరు విప్పలేదు.

"మాట్లాడిస్తూ ఉండండి. వాడకపోతే ఉన్న మాటలూ పోతాయి" అన్నాడు డాక్టరు.

కోడలు హాస్టల్లో ఉండగా ఒక ఆట ఆడేది. తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. ఇప్పుడు అత్తగారి చేత మాట్లాడించాలని దానికి మాటలతో పనిచేసే మంత్రవిద్య తయారుచేయబోయింది. చదివింది రసాయన శాస్త్రం కదా, గళ్లు గీసి నూట ఇరవై పదాలు రాసింది. ఏ పదాన్ని దేనితో కలిపితే ఏం పుడుతుందో పెద్ద పట్టిక.

"ఇది ఆటా, ఎంట్రన్స్ పరీక్షా?" అన్నాడు భర్త.

అత్తగారు ఆ కాగితం చూసి గోడవైపు తిరిగి పడుకున్నారు. కోడలి ప్రాణం చివుక్కుమంది. పోయిన మాటలన్నిటికీ జాబితా కట్టి చూపించినట్టయింది.

మర్నాడు కోడలు గిన్నెలు కడుగుతుంటే ఆవిడ మంచం పక్కన ఫోన్ మోగింది. తడిచేతులతో పరుగెత్తేలోపే అత్తగారు ఎత్తారు.

"లైన్లో ఉండండి, కలుపుతున్నాను."

ఒక్క తడబాటు లేదు! కోడలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

పట్టిక చించేసింది. కొత్త ఆటలో మంత్రాలు మూడే, మూడూ ఎక్స్ఛేంజి మాటలే. "లైన్లో ఉండండి" అంటే ఎదుటివాడు ఉన్నచోటే ఆగిపోతాడు. "కలుపుతున్నాను" అంటే విడిపోయినవి ఒకటవుతాయి. ట్రంక్ కాల్ గడువు ముగిసిందని చెప్పే "మూడు నిమిషాలైంది" అంటే ఎంతటి మాయైనా తెగిపోతుంది. వాటిని పలికే అధికారం ఆపరేటరమ్మకే, అంటే అత్తగారికే. ఎంతసేపు పట్టినా సరే, మిగతావాళ్లు ఆగాలి.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారి గదిలో ఆట మొదలైంది. తూనీగ గుమ్మం దగ్గరే స్టూలు మీద కూర్చుంది. రాక్షసుడు భర్త.

"నీకు వేషం కూడా అక్కర్లేదు" అంది కోడలు.

పాచిక పడింది. లోయ మీద వంతెన కూలి, తూనీగ అవతలే ఉండిపోయింది.

"నానమ్మా, రాక్షసుడు వచ్చేస్తున్నాడు! ఏదో ఒకటి అను!"

అత్తగారి పెదవులు కదిలాయి. గదిలో ఎవరూ కదల్లేదు. చివరికి, "దు... దువ్వెన" అన్నారు.

ఆవిడ ముఖం పాలిపోయింది. తూనీగ మాత్రం ఒక్క క్షణం ఆలోచించింది.

"పేద్ద దువ్వెనా? అయితే లోయ మీద అడ్డంగా పెట్టు. దాని పళ్ల మీద నడిచి వచ్చేస్తా!" స్టూలు దిగి, మునివేళ్ల మీద అడుగులేసుకుంటూ వచ్చి మంచమెక్కేసింది.

"తొండి! దువ్వెన మంత్రం లేదు" అన్నాడు రాక్షసుడు.

"నానమ్మ అంటే ఉన్నట్టే!"

అత్తగారు కిసుక్కున నవ్వి కొడుకు వైపు వేలెత్తారు. "లైన్లో ఉండండి."

వాడు ఒంటికాలి మీద బిగుసుకుపోయాడు.

సాయంత్రానికి మంత్రాలు పదకొండయ్యాయి. మొదటి మూడు తప్ప అన్నీ దువ్వెన లాంటివే. కోడలు ఒక్కొక్కటీ కాగితం మీద ఎక్కిస్తూ, అత్తగారి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని దగ్గరికి జరిగింది. ఆ కాగితంతోనే తూనీగకీ మంచానికీ మధ్య నిలబడింది.

"అమ్మా, అడ్డు జరుగు! నానమ్మ కనబడటం లేదు" అని కసిరింది తూనీగ.