రాతి ఊట పాటలు వినడానికి అన్నతో బుక్కరాయసముద్రం

మా అన్న దానియేలు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. మిషను మోతలో మామూలు పాటలేవీ వినపడవని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'రాతి ఊట' పాటలు వినేవాడు. గిటార్లు, డ్రమ్ములతో యేసు పాటలు పాడే నలుగురు కుర్రాళ్ల బ్యాండు అది. మా పాస్టరుగారికి ఆ మోత గిట్టదు. నాకు మాత్రం అన్న వల్ల ఆ పాటలన్నీ నోటికి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని అన్న 'నా పాట' అనేవాడు. పోయిన ఏడాది అన్నకు పట్టుకున్న దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని, ఇక బాగుపడవని అనంతపురం డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లకే బుక్కరాయసముద్రంలో రాతి ఊట కచేరీ అంటూ వాట్సాప్‌లో పోస్టరు వచ్చింది. మేమిద్దరం వాళ్లను ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. వదిన వద్దంది. "బతికుండంగా ఒక్కసారి సూడనీమే," అన్నాడు అన్న. వదిన ఇన్‌హేలర్ తెచ్చి నా సంచిలో పెట్టింది.

మధ్యాహ్నం రెండు గంటలకు తాడిపత్రిలో అనంతపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్ ఇచ్చారు. అన్నకు మాత్రం కొన్నాం. అనంతపురం దాకా పోనక్కర్లేదు, బుక్కరాయసముద్రం ముందే వస్తుంది. అన్న దగ్గు వినలేక ముందు సీటు ఆయన లేచి వెనక్కి వెళ్లిపోయాడు. కండక్టరు వచ్చి, "యాడికి పోతాండావప్పా ఈ దగ్గుతో? ఆస్పత్రికా?" అని అడిగాడు.

"పాటలు వినేకి," అన్నాడు అన్న నవ్వుతూ.

కండక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను. శింగనమల క్రాస్ దాటినా రెండు పక్కలా ఎక్కడా పచ్చదనం లేదు. దుక్కి దున్ని వాన కోసం వదిలేసిన ఎర్ర చేలే.

మూడున్నరకు దిగాం. స్టాండు పక్కన ఒకావిడ ఉగ్గాని, బజ్జీ అమ్ముతోంది. ప్లేటు నలభై. అన్న రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. "కారమైందా అన్నా?" అందామె. "కారం కాదుమ్మా, తినేకి ఊపిరి సాలట్లేదు," అన్నాడు. ఆమె గ్లాసుతో నీళ్లు ఇచ్చి, అతను తాగేదాకా పక్కనే నిలబడింది.

కచేరీ ఊరి బయట. విత్తనం పడని చేనును చదును చేసి స్టేజి కట్టారు. ప్రవేశం ఉచితమే కానీ కుర్చీలు పాసులు ఉన్నవాళ్లకే. మేము పట్ట పరుచుకుని మధ్యలో కూర్చున్నాం. ఐదున్నరకు మొదలైంది. మొదటి డ్రమ్ము దెబ్బకు అన్న ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పాపా, ఈడ కొడతాండాది సూడు," అని నా చెయ్యి లాగి తన ఛాతీకి ఆనించుకున్నాడు. ఎముకల కింద నిజంగానే అదురుతోంది. "ఫోన్లో ఇది రాదు పాపా. ఇన్నేండ్లూ సగమే విన్నాం."

రెండో పాటకు అన్న పెదవులు కదిపాడు. మూడో పాటకు కుర్రాళ్లంతా లేచి గంతులేశారు. ఎర్ర దుమ్ము మా తలల మీదకు లేచింది. నా కొంగు అన్న ముక్కుకు అడ్డం పెట్టాను. దగ్గు ఆగలేదు. ఇన్‌హేలర్ పీల్చినా పని చేయలేదు. పెదవులు నల్లబడుతున్నాయి. లేవమంటే తల అడ్డంగా ఊపాడు. "నా పాట ఇంగా పాడల్యా. అదొక్కటి వినిపోదాం." నేను వినలేదు. చంకల కింద చేతులు వేసి లేపాను. ఇద్దరు వాలంటీర్లు దారి చేశారు. స్టేజి వైపు తిరిగి చూస్తూనే వచ్చాడు.

గేటు దగ్గర ఆటో దొరికింది. డ్రైవరు ఖాదర్, మా అన్నను చూడగానే బాడుగ మాట ఎత్తకుండా బండి స్టార్ట్ చేశాడు. "పండబెట్టొద్దక్కా, కూసోబెట్టి గట్టిగా పట్టుకో. ఇప్పుడే పోతాం," అన్నాడు. అనంతపురం పెద్దాసుపత్రిలో అన్నకు ఆక్సిజన్ పెట్టారు. కొంచెం తేరుకున్నాక మాస్కు పక్కకు లాగి అడిగాడు.

"ఆ పాట పాడినారా?"

"తెలీదన్నా. మనం ముందే వచ్చేస్తిమి కదా."

"పాడింటారులే," అని గోడ వైపు తిరిగాడు.

మరో పదకొండు వారాలు బతికాడు. పోయిన నెల సమాధి చేశాం. ఎందుకు తీసుకెళ్లావని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. వదిన మాత్రం అడగలేదు. ఇంకొక్క పాట ఆగనిచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆగనివ్వనందుకు అతనికి ఇంకొన్ని వారాలు దొరికాయి, ఆ వారాలన్నీ మంచం మీదే గడిచాయి. ఏది మేలో ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. అరచేతికి ఆ అదురు తగిలిన క్షణం గుర్తొస్తే మాత్రం, తీసుకెళ్లినందుకు బాధపడలేను.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఊపిరి సమస్య ఉన్నవాళ్లను తీసుకెళ్తే జనం మధ్యలో కూర్చోకండి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దుమ్ము రాని వైపు, గేటు బయటే ఆటోలో కూర్చోబెట్టండి. స్టేజి కనపడదు, కానీ చివరి పాట దాకా ఉండొచ్చు.